నీళ్లకు నా పేరు చెప్పిన అక్క

నిన్న పొద్దున సిడ్నీ టూంగాబీలో మా వీధి చివర నీళ్లవాళ్లు రోడ్డు పక్కన ఇనుప మూత తీసి, లావుపాటి గొట్టం తగిలించి నీళ్లు వదిలారు. ముందు ఎర్రగా, తర్వాత బూడిదరంగుగా, ఆ తర్వాత తెల్లగా దూకి, కాలిన రోడ్డు మీద ఆవిరి లేపుకుంటూ కాలవలోకి పోతున్నాయి. మందు వాసనా, ఎండిన మట్టి తడిసిన వాసనా కలిసి వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చాయి. పప్పు కడుగుతున్న చేతులు గిన్నెలోనే ఉంచి నిలబడిపోయాను. మా మనవరాలు అనిక పరుగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, దే ఆర్ వేస్టింగ్ సో మచ్ వాటర్! గో అండ్ షౌట్ ఎట్ దెమ్!" అంది. ఆ పిల్లకు నా సంగతి తెలుసు. పళ్లు తోముకుంటూ కొళాయి తిప్పి వదిలితే ఊరుకోను. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు కుండీకి పోయకుండా సింకులో వంచినవాళ్లతో ఆ పూటంతా మాట్లాడను. అలాంటిదాన్ని, "పోనియ్యవే. గొట్టం లోపల కడుగుతున్నారు. కడగనీ," అన్నాను. పిల్ల నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. నేను అక్కడ లేను. ఆ వాసన పట్టుకుని చాలా దూరం వెళ్లిపోయాను, ఎర్రమట్టి దారి వెంట, తెల్లటి బెరడు కాగితాల్లా ఊడే చెట్ల కిందికి, మా అక్క దగ్గరికి.

ఆమె నా తోడబుట్టినది కాదు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె ఈ దేశపు ఆదివాసి. వాళ్లలో మనిషి పోయాక పేరు పలకరు. ఎన్నాళ్లు పలకకూడదో నాకు సరిగా తెలియదు, అడగడానికి మనసొప్పలేదు. నేను పిలిచింది అక్కా అని, అది చాలు. మా అమ్మాయి సుజాత నర్సు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ నుంచి కారులో ఐదారు గంటలు లోపలికి పోతే ఆదివాసులుండే ఒక ఊరుంది. అక్కడి చిన్న ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేయడానికి ఒప్పుకుంది. అల్లుడికి సిడ్నీ వదిలి రావడానికి వీల్లేని ఉద్యోగం. అనికకు అప్పుడు ఏడాది నిండలేదు. బిడ్డను చూసుకోవడానికి నేను వెళ్లాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఇంగ్లీషులో నాకొచ్చినవి పది మాటలు. ఆ ఊళ్లో ఎవరితో ఏం మాట్లాడతానని దారి పొడుగునా దిగులుపడ్డాను.

వెళ్లిన వారానికి ఆసుపత్రి వరండాలో ఆమెను చూశాను. రక్తం చూపించుకోవడానికి వచ్చింది. బెంచీలన్నీ ఖాళీగా ఉన్నా నేల మీదే కాళ్లు చాపి కూర్చుంది. నేను కూడా బిడ్డను ఒళ్లో వేసుకుని నేల మీదే కూర్చున్నాను, గచ్చు చల్లగా ఉంటుందని. చాలాసేపు నన్నే చూసింది. పూలపూల గౌను, నెరిసిన ఉంగరాల జుట్టు, నిప్పు ఆరిన బొగ్గు మీద బూడిదలా మెరిసే చర్మం. ఏదో అడిగింది. నాకర్థం కాలేదు. సుజాత లోపల్నుంచి తల బయటపెట్టి, "మీరెవరి తాలూకు అని అడుగుతుందమ్మా," అంది. నాకు నవ్వొచ్చింది. ఆస్ట్రేలియా వచ్చాక హౌ ఆర్ యూ అన్నవాళ్లే గాని, ఎవరి తాలూకు అని అడిగిన మొదటి మనిషి ఆమే. మా పుట్టిల్లు, అత్తిల్లు, మా నాన్న పేరు, మా మామగారి పేరు అన్నీ తెలుగులోనే చెప్పాను. ఆమె ఒక్కోదానికి తలూపి, కాసేపు ఆలోచించి, సుజాతను అప్పటికే తాను కూతురి వరసలో కలుపుకుంది గనక, "ఐతే నువ్వు నా చెల్లెలివి," అని తేల్చేసింది.

"ఇక్కడ అమ్మ అక్కచెల్లెళ్లందరూ అమ్మలేనంట. మేనమామ వరస వేరేనంట. వైట్ నర్సులు చార్ట్ గీసుకుని మరీ నేర్చుకుంటారమ్మా, బట్ దే స్టిల్ గెట్ కన్‌ఫ్యూజ్డ్," అంది సుజాత.

"ఇందులో చార్ట్ గీసేదేముంది? పెద్దమ్మ అమ్మ కాకపోతే ఎవరు?" అన్నాను.

అట్లా కుదిరింది మాకు. ఆమె ఇంగ్లీషు పొట్టిది, నాది అంతకన్నా పొట్టిది. మిగిలినదంతా చేతులతో, కళ్లతో, నేల మీద పుల్లతో గీసిన గీతలతో. ఆమె అన్నవన్నీ నా మాటల్లో రాస్తున్నాను. చాలావరకు అవి మాటలు కూడా కావు.

రోజూ సాయంత్రం మా క్వార్టర్సు ముందుకొచ్చి కూర్చునేది. కూర్చున్న కాసేపటికి పెదవులు ముందుకు చాపి తూర్పు దిక్కు చూపించేది. వాళ్లు వేలితో చూపించరు. "నా ఇల్లు అటు," అనేది. రోజూ అదే మాట. ఆ ఊరికి ఇంకో గంట దూరాన, ఒక నీటిగుంట పక్కన నాలుగే నాలుగు ఇళ్లున్న చోటు ఆమెది. ఆమె తల్లి, తల్లి తల్లి, అందరూ అక్కడే మట్టిలో ఉన్నారు. అక్కడ తాగడానికున్న పాత బోరు నీళ్లలో ఉప్పూ, ఏదో రాతి విషమూ ఉన్నాయని పరీక్షలో తేలింది. ఆ నీళ్లైనా ఇళ్లలోకి రావు, బయట ఒక్క కొళాయి. ఆమె మూత్రపిండాలు అప్పటికే సగం పోయాయి. ఇంట్లోకి మంచినీళ్లు వచ్చిందాకా అక్కడ ఉండటానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. రెండేళ్లుగా ఈ ఊళ్లో సొంత చెల్లెలి కొడుకు ఇంటి వరండాలో పరుపేసుకుని పడుకుంటోంది. "ఎక్కడో చోట చావాలిగా. అక్కడైతే నన్ను గుర్తుపట్టేవాళ్లున్నారు," అంది ఒకసారి, వర్షం పడేట్టుంది అన్నంత మామూలుగా.

ఆ రోజు నేను నోరు తెరిచి నా పళ్లు చూపించాను. మాది కనిగిరి వైపు. మా నీళ్లు తాగినవాళ్ల పళ్లన్నీ గారపట్టి, మచ్చలు తేలి ఉంటాయి. మా అమ్మ నలభై ఏళ్లకే నడుం వంగిపోయింది. పోయినప్పుడు పాడె మీద సాపుగా పడుకోబెట్టలేక పక్కకు ఒత్తిగిల్లించి తీసుకెళ్లారు. అదంతా ఆమెకు నేను లేచి, వంగి నడిచి చూపించాను. అక్క నవ్వలేదు. దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని పళ్లు చూసి, "చీకీ నీళ్లు," అంది. అక్కడ కరిచే కుక్కను చీకీ అంటారు. "నిన్నూ కరిచాయి, నన్నూ కరిచాయి."

ఎండ బాగా ముదిరిన రోజుల్లో, ఆ నాలుగిళ్ల చోట కొత్త బోరు పని మొదలైందని తెలిసి, సుజాత ఆసుపత్రి బండిలో అటు వెళ్తుంటే మేమిద్దరం, బిడ్డా ఎక్కాం. ఆ నీటిగుంటను తలుచుకుంటే ఇప్పటికీ అది నేను చూసిందో, కలగన్నదో చెప్పలేను. నీళ్లు కదలవు. ఆకులు కదలవు. ఊదారంగు కలువలు తెరుచుకుని ఉన్నాయి. తెల్లటి మానులు తలకిందులుగా నీళ్లలోకి దిగిపోయి, కింద ఇంకో అడవి ఉన్నట్టుంది. ముఖం కడుక్కుందామని గబగబా దిగబోయాను. అక్క వెనకనుంచి అరిచింది. అంత పెద్ద గొంతు ఆమెకుందని అప్పటిదాకా తెలియదు. నా రెక్క పట్టుకుని వెనక్కి లాగి, తన చంకలో చెమట చేత్తో తుడిచి నా నుదుటికీ చేతులకూ రాసింది. నీళ్ల వైపు తిరిగి తన భాషలో కేకేసి ఏదో చాలాసేపు చెప్పింది. చివర వంగి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, నా తల మీద చిమ్మింది.

నా కన్నపిల్లల గ్లాసుక్కూడా నోరు తగలనివ్వని మనిషిని నేను. ఆ ఎంగిలి నీళ్లు మాడు మీంచి మెడ వెనక్కి కారుతుంటే కొంగుతో తుడుచుకోబోయి ఆగాను.

"ఏం చెప్పావక్కా?"

"నీళ్లకూ, నీళ్లలో ఉండే మా పెద్దలకూ నీ పేరు చెప్పాను. ఇది నా చెల్లెలు, దూరం నుంచి వచ్చింది, దీని వాసన నా వాసనే, దీన్నేం చేయకండి అన్నాను."

"మొసలిక్కూడా చెప్పావా?"

"మొసలికి చెవుడు. నువ్వే చూసుకోవాలి," అని పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, "ఇక నువ్వేం చేసినా వాళ్లు నన్నడుగుతారు," అంది.

"అరవై దాటినదాన్ని, నేనేం చేస్తానక్కా?"

"ముసలివాళ్లే ఎక్కువ చేస్తారు."

బోరు పని చేయించే ఆయన పేరు గ్రెగ్. ఎర్రటి ముఖం, మాసిన టోపీ, చెవి వెనక పెన్సిలు. గుట్ట అవతల లోతుగా కొత్త బోరు వేసి, ఎత్తు మీద ట్యాంకు నిలబెట్టి, అక్కడి నుంచి నల్లగొట్టం నాలుగిళ్లకూ తెస్తున్నాడు. గుట్ట మలుపులో వాళ్లు ముట్టుకోని కొన్ని బండరాళ్లున్నాయి. వాటి మధ్యనుంచి తవ్వకూడదని అక్క అడ్డంగా కూర్చుంది. "చుట్టూ తిప్పితే ఇంకో రెండు రోజులు పడుతుంది ఆంటీ," అని గొణిగాడు. "నేను రెండేళ్లు ఆగాను. నువ్వు రెండు రోజులు ఆగలేవా?" అంది. చుట్టూ తిప్పాడు. మబ్బులు రోజూ మధ్యాహ్నానికి కొండల్లా లేచి, ఉరిమి, కురవకుండా కరిగిపోయేవి. అందరికీ ఒకటే భయం. ఒకసారి వాన పట్టుకుంటే మధ్యలో వాగు పొంగుతుంది, దారి నాలుగైదు నెలలు మూసుకుపోతుంది. ఆలోపల నీళ్లు పరీక్షలో గెలవాలి. గెలిస్తే అక్క ఇంటికెళ్తుంది. లేకపోతే వానలన్నాళ్లూ డార్విన్‌లో ఆసుపత్రి పక్క హాస్టల్లో ఉండాలి. అంతకాలం ఆమె ఆగుతుందో లేదో డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు.

గొట్టం పని పూర్తయిన రోజు కూడా సుజాత బండిలో మేం అక్కడికి వెళ్లాం. పొద్దున గ్రెగ్ చిట్టచివరి ఇల్లు, అంటే అక్క ఇల్లు, దాని బయటి కొళాయి పూర్తిగా తిప్పి వదిలాడు. అక్కతో ఏదో గబగబా చెప్పి, తన మనిషిని తీసుకుని ఇంకో చోట పంపు బాగుచేయడానికి పోయాడు. ఆయన చెప్పిందేమిటో నాకర్థం కాలేదు, నన్నుద్దేశించి చెప్పాడనీ అనుకోలేదు. నెలల తరబడి నేల మీద పడున్న గొట్టాలవి. లోపలి మట్టీ, పురుగూపుట్రా, కడగడానికి పోసిన మందూ అన్నీ పోయేందుకు సాయంత్రం దాకా నీళ్లు ఆగకుండా పారాలి, ఎవరూ ముట్టుకోవద్దు. ఆయన చెప్పింది అదట. సుజాత అవతలి ఇంట్లో ఎవరికో కట్టు కడుతోంది. అక్క లోపల తన గది ఊడ్చుకుంటూ, ఊడ్చుకుంటూ అక్కడే నిద్రపోయింది. నేను బిడ్డను జోకొడుతూ చెట్టుకింద కూర్చున్నాను.

నీళ్లు పోతున్నాయి. ఇసకలోకి. ఎవరికీ కాకుండా. మొదట ఎర్రగా పోయినంతసేపు ఓర్చుకున్నాను. తెల్లబడ్డాక నా వల్ల కాలేదు. ఆ ఎండలో కళ్లు మూసినా తెరిచినా అవే కనపడుతున్నాయి. మా ఊరి మంచినీళ్ల బావి దగ్గర తెల్లారక ముందే నిలబెట్టిన బిందెల బారు, ఊట నీళ్ల కోసం బావిలోకి దిగి చిప్పతో తోడే మా అమ్మ వంగిన వీపు, ఒక బిందె ఒలికిందని నేను తిన్న దెబ్బలు. ఇసక తాగుతోంది, మా అమ్మ చూస్తోంది. లేచి ఒక బకెట్ పెట్టాను. నిండింది. అక్క వంటింట్లోంచి గిన్నెలు, డేక్సాలు, పాత నూనె డబ్బా తెచ్చి ఒక్కోటి నింపి గోడవారగా వరస పెట్టాను. అన్నీ నిండాయి. ఇంకేం లేవు. చెయ్యి దానంతటదే వెళ్లి కొళాయి కట్టేసింది. ఎంత హాయిగా అనిపించిందో! బిడ్డ పక్కన ఒరిగి, పొద్దువాలిందాకా నిద్రపోయాను.

గ్రెగ్ అరుపుకు మెలకువ వచ్చింది. "హూ టర్న్‌డ్ దిస్ ఆఫ్?" కొళాయి పట్టుకుని నిలబడ్డాడు. సుజాత పరుగెత్తుకొచ్చింది. అక్క గడప మీదికొచ్చింది. గోడవారగా నిండి ఉన్న గిన్నెల వరస చూసింది. నన్ను చూసింది. కళ్లు నులుముకుని, "నేనే," అంది. "నిద్రమత్తులో కట్టేశాను."

"ఆంటీ! పొద్దున అంత చెప్పాను కదా నీకు!" టోపీ తీసి నేలకు కొట్టాడు. మర్నాడు విమానానికి పరీక్ష సీసా డార్విన్ పోవాలి, ఆయన ఇంకో పనికి పోవాలి. వెలుగున్నంతసేపు మళ్లీ వదిలి, పొద్దున్నే సీసా పట్టుకుని వెళ్లాడు. ఏం జరిగిందో ఆ సాయంత్రం తిరిగొస్తూ బండిలో సుజాత చెబితే నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. అక్క ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. నేను నోరు తెరవలేదు. చిన్నప్పుడు లాంతరు చిమ్నీ పగలగొట్టి దాచిందని సుజాతను ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టినదాన్ని. తప్పు చేసినవాళ్లు నోటితో ఒప్పుకోవాలని ఇంట్లో అందరినీ సాధించినదాన్ని. ఆ గంట ప్రయాణంలో బిడ్డ తల నిమురుతూ కూర్చున్నాను.

నీళ్లు పరీక్షలో ఓడిపోయాయి. ఆ కబురొచ్చిన రెండో రోజు వాన పట్టుకుంది. అది వానలా లేదు, ఆకాశం కట్ట తెగినట్టుంది. వాగు పొంగింది, దారి మూసేశారు. అక్కను చిన్న విమానంలో డార్విన్ పంపించడానికి, వాన కాస్త తెరిపిచ్చిన పూట మట్టి రన్‌వే దగ్గరికి తీసుకెళ్లాం. రేకుల షెడ్డు కింద ఆమె చెయ్యి పట్టుకుని, తెలుగులోనే, "అక్కా, కట్టింది నేను," అన్నాను. చేత్తో కొళాయి తిప్పి చూపించాను.

"తెలుసు. గిన్నెలు అంత వరసగా పెట్టే మనిషి ఇక్కడ ఇంకెవరున్నారు?"

"మరి నువ్వని ఎందుకు చెప్పావు?"

ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "నీళ్లకు నీ పేరు చెప్పింది నేను కదా," అని, సంచీ చంకన పెట్టుకుని విమానం వైపు నడిచిపోయింది.

ఆ సాయంత్రమే సుజాతకు చెప్పాను. "నువ్వా? అమ్మా, నువ్వా?" అని కుర్చీలో కూలబడింది. కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. గ్రెగ్‌కు ఫోన్ కలిపి ఇమ్మన్నాను. వచ్చిన పది మాటల్లో నాలుగు వాడాను. "ఐ క్లోజ్ ట్యాప్. సారీ." అవతల ఆయన ఏదో అన్నాడు. సుజాత చెప్పింది. "ఈసారి నువ్వే కాపలా కూర్చోవాలంటమ్మా. ఎవరు ముట్టుకున్నా కొట్టమన్నాడు."

వానలు సగమయ్యాక డార్విన్ హాస్టల్‌కు వెళ్లి చూశాం. ముఖం చిక్కి, గౌను వేలాడుతోంది. ఆ గదిలో కొళాయి తిప్పితే ధారగా నీళ్లొస్తున్నాయి. "మంచి నీళ్లేగా అక్కా ఇవి?" అన్నాను, ధైర్యం చెప్పడానికి. "మంచివే," అంది. "వీటికి నేనెవరో తెలియదు." గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాను. ఆ పాదాల మీద ఎర్రమట్టి పూర్తిగా పోయి, ఎవరివో పాదాల్లా ఉన్నాయి.

వానలు వెళ్లి, వాగు తగ్గి, దారి తెరిచాక గ్రెగ్ వచ్చాడు. కొళాయి తిప్పి, నా వైపు వేలు చూపించి, నవ్వకుండా వెళ్లిపోయాడు. పొద్దున్నుంచి పొద్దుగూకే వరకు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను, నా మీద నాకు నమ్మకం లేక. నీళ్లు పోయాయి. ఒక కుక్క వచ్చి తాగి పోయింది. పిట్టలొచ్చి మునిగి లేచాయి. పోయిన నీళ్లు ఎక్కడికీ పోవడం లేదనీ, కిందికి దిగి మళ్లీ ఆ గుంటలోకే నడుస్తున్నాయనీ మధ్యాహ్నానికి నాకనిపించింది. నిజమో కాదో తెలియదు. మా అమ్మ కూడా ఆ రోజు వచ్చింది. ఈసారి వంగి లేదు.

నీళ్లు గెలిచాయి. అక్క ఇంటికొచ్చింది. బండి దిగి నేరుగా లోపలికి పోలేదు. గుంట దగ్గరికి వెళ్లి వచ్చానని కేకేసి చెప్పి, తర్వాత వంటింట్లో కొళాయి తిప్పింది. ధార కింద చెయ్యి పెట్టి దానితోనూ ఏదో చెప్పింది. మగ్గు నిండా పట్టుకుని గటగటా సగం తాగి, మిగతా సగం నాకిచ్చింది. తాగాను. తీపి లేదు, ఉప్పు లేదు, ఏ రుచీ లేదు. అంత మంచి నీళ్లు.

సుజాత పని పూర్తయి మేం సిడ్నీ వచ్చేశాం. అక్క తన ఇంట్లో ఆ ఎండాకాలమూ, తర్వాతి వానాకాలమూ ఉంది. ఒక రోజు ఆమె సొంత చెల్లెలి కోడలు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా, "ఆ ముసలమ్మ, మీ అక్క, అయిపోయింది," అంది. ఇంటి ముందు చాప మీద, అందరూ చుట్టూ ఉండగా పోయిందట. ఆకుల పొగ వేసి ఇల్లు వదిలేశారు. కొన్నాళ్లు అందులో ఎవరూ ఉండరు, కొళాయి ఎవరూ తిప్పరు.

పోయినవాళ్లకు మా వైపు చేసేవేవీ నేను ఆమెకు చేయలేదు. ఆమె నాకేమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పలేను. కానీ ఆ గుంట ముందు నన్ను నిలబెట్టి ఆమె చెప్పిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నేను చేసేవాటికి ఆ నీళ్లలోని పెద్దలు ఇప్పటికీ ఆమెనే అడుగుతారు. అందుకని ఈమధ్య నా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే, ఎంత చిన్నదైనా, ఎంత సిగ్గయినా, ఆ పూటే నోరు తెరిచి నాది అనేస్తున్నాను. ఎంత కష్టపడి ఇంటికి చేరుకున్న మనిషి! తన వాళ్ల మధ్య హాయిగా పడుకున్నదాన్ని నా కోసం మళ్లీ లేపి నిలబెట్టి అడగడం నాకిష్టం లేదు.